రాచపుండు వైద్యము - చెవి సంరక్షణము

బ్రతికియుండిన బలుసాకైనను తినవచ్చునని మన పెద్దలు చెప్పుదురు. ప్రాణభయము గల వ్యాధి ఇంటిలో ప్రవేశించినపుడు ఈ సామెత దినమునకు పదిమారులు వినబడుచుండును. జుట్టు రాలినదని రోగి కంటనీరు పెట్టుకొన్న ఈ సామెతయే. నోటికి రుచి లేదన్న ఈ సామెతయే. కాళ్లు తిమ్మిరెక్కుచున్నవన్నను ఈ సామెతయే. ధైర్యము చెప్పుటకు ఇది మంచిమాటయే గాని, దీనితో రోగి నోరు మూతపడుటయు కలదు. రాలిన జుట్టు మరల మొలచును. రుచి చాలవరకు తిరిగి వచ్చును. ఒకసారి పోయిన పిమ్మట తిరిగిరానిది వినికిడి. రాచపుండునకు, అనగా నేడు మనమందరము క్యాన్సరు అనుచున్న వ్యాధికి, ఇచ్చు మందులలో కొన్ని చెవికి చేయు హానిని గూర్చియు, దానినుండి చెవిని ఎంతవరకు కాపాడుకొనవచ్చునో దానిని గూర్చియు సోదరీమణులతో నాలుగుమాటలు చెప్పదలచితిని.

ఈ సంగతి నాకు పుస్తకములవలన తెలిసినది కాదు. మా మేనత్త కొమరోలులో కాపురమున్నది. చిన్ననాటినుండి ఆకు, వక్క, సున్నము, వానితోపాటు పొగాకు కాడ నమలు అలవాటు ఆమెకు కలదు. మా వైపు అరువదియేండ్లు దాటిన స్త్రీలలో ఈ అలవాటు లేనివారిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ఆమెకు దవడలోపల ఒక పుండు లేచి మూడునెలలైనను మానలేదు. గిద్దలూరిలో పండ్ల వైద్యుడు చూచి, ఆలస్యము చేయక పెద్ద పట్టణమునకు పొమ్మనెను. అక్కడ శస్త్రచికిత్స జరిగినది. పిదప ఆరువారములు కిరణచికిత్స చేయుచు, నడుమ మూడువారములకొకసారి సిస్ప్లాటిను అను మందును నరమునకు ఎక్కింపవలెనని నిర్ణయించిరి. ఆమెకు తోడుగా నేనుంటిని.

ఆ వైద్యశాల పేరు ఇక్కడ అనవసరము. వైద్యులు సమర్థులు, నర్సులు దయగలవారు. మందు ఎక్కించుటకు ముందు రక్తము పరీక్షించిరి, గుండె పరీక్షించిరి, మూత్రపిండములు దెబ్బతినకుండుటకై సీసాలకొలది ఉప్పునీరు ఎక్కించి, మూత్రము ఎంత వచ్చినదో కొలిచి వ్రాసికొనిరి. చెవి మాట మాత్రము ఎవరును ఎత్తలేదు. సంతకముకొరకు మాకిచ్చిన కాగితములో, సన్నని అక్షరములలో, పదునేడో పదునెనిమిదో సంగతుల నడుమ అదియును ఉన్నదని తరువాత తెలిసినది.

రెండవమారు మందు ఎక్కించిన నాలుగవనాటి రాత్రి మా అత్త నన్ను లేపి, "అమ్మీ, ఈ గోడలో కీచురాళ్లు జేరినాయి. నిద్దర పట్టనీకుండా అరస్తా ఉండాయి" అన్నది. మేమున్నది నాలుగవ అంతస్తు. కిటికీలు మూసియున్నవి. ఎక్కడను కీచురాయి లేదు. నేను వినబడుటలేదని చెప్పినపుడు ఆమె కొంతసేపు ఊరకుండి, "నీకు ఇనపడదులే. నాకు మొదటి సూది ఏసినప్పటినుంచీ ఇనపడతానే ఉండాయి" అన్నది. మూడువారములనుండి ఏల చెప్పలేదని అడిగితిని. దానికామె యిచ్చిన ప్రత్యుత్తరమును నేను మరువలేను. "చెప్తే సూది ఆపేస్తారు. ఆపితే పుండు మళ్లీ లేస్తాది. ఇంతమంది ఇంత డబ్బు పెట్టినాక, చెవిలో ఈల మోగతా ఉందని చెప్పేదానికి సిగ్గుగాదా?"

ఈ మాటలో ఆమె అమాయకత్వమేమియు లేదు. లెక్క యున్నది. ప్రాణమొకవైపు, చెవి యొకవైపు పెట్టి తూచినది. ఇంటివారి అప్పు ఒకవైపు, తన కష్టము ఒకవైపు పెట్టి తూచినది. మన స్త్రీలలో నూటికి తొంబదిమంది ఇట్లే తూతురని నా నమ్మకము. ఆ తక్కెడలో లోపమొక్కటే: చెవి మాట చెప్పినంతమాత్రమున వైద్యము ఆగిపోవునన్న భయము. అది అట్లు కాదని మరునాడే మాకు తెలిసినది.

వైద్యురాలు మా అత్త చెప్పినది సాంతము విని, ఆ పూటనే వినికిడి పరీక్షకు పంపినది. చప్పుడు చొరని చిన్నగదిలో కూర్చుండబెట్టి, చెవులకు గొట్టములవంటివి తగిలించి, బొంగురుధ్వనినుండి కీచుధ్వనివరకు ఒక్కొక్కదానిని వినిపింతురు. వినబడినపుడు మీట నొక్కవలెను. దాని ఫలితమును గీతగా గీసి యిచ్చెదరు, దానిని ఆడియోగ్రామందురు. మా అత్త గీత సగమువరకు సమముగా నడచి, 4000 హెర్ట్జులు దాటగానే కొండ అంచునుండి రాయి దొర్లినట్లు క్రిందికి పడినది. రెండు చెవులకును అంతే. "మొదటి మందునకు ముందు తీసిన కాగితమేది?" అని పరీక్ష చేసినవారు అడిగిరి. అట్టిది లేదు. అందుచేత ఆ పడుటలో వయస్సువలన ఎంత, మందువలన ఎంత అన్నది ఎవరును తేల్చి చెప్పలేకపోయిరి.

తరువాత వైద్యులు తమలో తాము ఆలోచించుకొనిరి. రెండు విడతలలో చేరిన మందు మొత్తము, కిరణచికిత్సతో కలసి, ఆమెకు చాలునని తేల్చి మూడవ విడత మానిరి, కిరణచికిత్స పూర్తిచేసిరి. ఇది మా అత్తకు తగిన నిర్ణయము, మరియొకరికి తగకపోవచ్చును. కొందరికి అదే మందును చిన్నచిన్న పాళ్లుగా వారమువారము ఇచ్చెదరు. కొందరికి కార్బోప్లాటిను వంటి వేరుమందు మార్చెదరు. కొందరికి ఏమియు మార్చక, చెవి పోయినను ప్రాణము నిలుపవలసినదే. ఆ తూకము వైద్యుడు చేయవలసినది. కాని తూచుటకు తక్కెడలో వేయవలసిన రాయి రోగి చేతిలో నున్నది. ఆమె నోరు తెరువనిది ఆ రాయి తక్కెడలో పడదు.

ఇక ఈ మందు కథ కొంచెము చెప్పవలసియున్నది. సిస్ప్లాటినులో నున్నది ప్లాటినము అను లోహము. మన నగల దుకాణములలో బంగారముకన్న ఘనముగా చూపుచున్న ప్లాటినమే అది. దానితో ఈ లవణమును 1845లో ఇటలీ దేశస్థుడగు మికేలె పేరోనే తయారుచేసెను. నూటయిరువదియేండ్లవరకు దానివలన వైద్యమునకు ఉపయోగము కలదని ఎవరికిని తోచలేదు. 1965లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములో బార్నెట్ రోజెన్‌బెర్గ్ అను శాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులున్న నీటిలో ప్లాటినపు కడ్డీలతో విద్యుత్తు పంపి చూచుచుండగా, ఆ జీవులు రెండుగా చీలుట మాని పొడుగుగా సాగినవి. కడ్డీలనుండి కరగిన ప్లాటినమే దానికి కారణమని కనిపెట్టిరి. చీలి పెరుగుటయే రాచపుండు స్వభావము గనుక, చీలికను ఆపునది దానికి మందగును. 1978లో అమెరికా ప్రభుత్వము దీని వాడుకకు అనుమతించినది. అంతకుముందు చావు తప్పదనుకొన్న వృషణముల క్యాన్సరు యువకులు దీనివలన బ్రతికి సంసారములు చేసికొనిరి. నేడు నోటి క్యాన్సరునకు, గొంతు క్యాన్సరునకు, స్త్రీలకు వచ్చు గర్భాశయ ముఖద్వారపు క్యాన్సరునకు, ఊపిరితిత్తుల క్యాన్సరునకు దీనిని వాడుచున్నారు. కావున దీనిని విషమని దూషించుట నాకు సమ్మతము కాదు. మా అత్త నేడు మాతో భోజనము చేయుచున్నదన్న అందులో దీని పుణ్యము కొంత కలదు.

అయితే ఇది చెవిలో ఏమిచేయుచున్నది? మన చెవి లోపల నత్తగుల్లవలె రెండున్నర చుట్లు తిరిగిన చిన్న ఎముక గూడు కలదు. అందులో సన్నని రోమములు గల కణములు వరుసలుగా నున్నవి. ఒక్కొక్క చెవిలో అన్నియు కలిసి సుమారు 15,000. గుల్ల ముఖద్వారమునొద్దనున్నవి కీచుధ్వనులను, లోపలిచుట్టులోనున్నవి బొంగురుధ్వనులను పట్టుకొనును. ప్లాటినపు మందు మొట్టమొదట ద్వారమునొద్దనున్న కణములను చంపును. మందు మొత్తము పెరిగినకొలది లోపలికి ప్రాకును. రక్తమునుండి ఈ మందు కొలది దినములలో చాలవరకు పోవును గాని, ఈ గుల్లలో చిక్కినది నెలలు, సంవత్సరములు నిలిచియుండునని 2017లో అమెరికా పరిశోధకులు చూపిరి. అందుచేత వైద్యము ముగిసిన తరువాతకూడ వినికిడి తగ్గవచ్చును. చచ్చిన కణము మనుష్యులలో మరల మొలవదు. విచిత్రమేమనగా, కోళ్లకు మొలచును. 1980ల చివర శాస్త్రజ్ఞులు కోడిపిల్లల చెవులలో దీనిని కనుగొనిరి. మన పెరటి కోడికి దొరకిన వరము మనకు దొరకలేదు!

ఎందరికి ఈ హాని కలుగుచున్నదని అడుగవచ్చును. ప్లాటినపు మందులు వాడినవారిపై లోకమంతట జరిగిన పరిశోధనలను కూర్చి 2022లో ప్రకటించిన ఒక సమీక్షలో నూటికి 43 మందికి వినికిడి తగ్గినట్లు తేలినది. ఇది అరుదుగా వచ్చు చిక్కు కాదు. అయినను క్యాన్సరు మందులన్నియు చెవికి శత్రువులని భయపడరాదు. కార్బోప్లాటినువలన హాని తక్కువ, అది పెద్దమోతాదులో గాని పసిబిడ్డలకు గాని ఇచ్చినపుడు మాత్రము జాగ్రత్త అవసరము. మన పెరటిలో పూచు బిళ్లగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిను ముఖ్యముగా కాలిచేతుల నరములను తిమ్మిరెక్కించును. మన ఆంధ్రుడగు యల్లాప్రగడ సుబ్బారావుగారి ప్రయోగశాలనుండి వెలువడిన మెథోట్రెక్సేటు చెవి జోలికి పోవు మందని పేరుపడినది కాదు. ఆయన బృందము పంపిన అమినోప్టెరినుతోనే 1947, 48లలో సిడ్నీ ఫార్బర్ పసిపిల్లల రక్తపు క్యాన్సరును మొదటిసారి తగ్గించి చూపెను. ఈ సంగతి తలచుకొన్నపుడెల్ల నాకు గర్వము కలుగును. ఇక్కడ దానికి పనిలేదు గనుక విడిచెదను.

కాబట్టి రోగికి గాని, తోడున్నవారికి గాని మొదటి కర్తవ్యము మందు పేరు అడుగుట. "కీమో" అన్నది పేరు కాదు. అది వంటకమని చెప్పినట్లే. పప్పో పులుసో తెలియదు. పేరులో "ప్లాటిను" అని యున్నచో, మొదటి సీసా ఎక్కించుటకు ముందే వినికిడి పరీక్ష చేయింపుమని వినయముగా, గట్టిగా అడుగవలెను. ప్రతి విడతకు ముందు మరల చేయించుకొనవలెను. వైద్యము ముగిసిన పిదపను కొంతకాలము విడువరాదు. సామాన్య పరీక్ష 8000 హెర్ట్జులతో ఆగును. దానికి పైధ్వనులను కూడ వినిపించు యంత్రమున్నచో హాని మరికొంత ముందుగా బయటపడును. పరీక్షకు బాధ లేదు, సూది లేదు, అరగంట చాలును. మా కొమరోలు వంటి చోట ఆ గది లేకపోవచ్చును. కాని గిద్దలూరులో రైలెక్కిన గుంటూరు, నల్లమల దాటి నంద్యాల మీదుగా పోయిన కర్నూలు, ఈ రెండుచోట్లను ప్రభుత్వ వైద్యకళాశాలల ఆసుపత్రులలో చెవి, ముక్కు, గొంతు విభాగములు కలవు. క్యాన్సరు వైద్యమునకు ఎట్లును పట్టణమునకు పోవలసినదే గదా! అదే ప్రయాణములో ఈ పనియు ముగించుకొనవచ్చును.

రెండవది, పాతకథ చెప్పుట. మూత్రపిండములు బలహీనముగా నున్నచో మందు ఒంటిలో ఎక్కువసేపు నిలుచును. చెవికి కీడు హెచ్చును. మా పశ్చిమ ప్రకాశములో త్రాగునీటి కరవు, ఫ్లోరిను నీటిచే వంగిన ఎముకలు, పసుపుపచ్చని పండ్లు అందరెరిగినవే. ఫ్లోరినునకును ఈ చెవి హానికిని సంబంధము కలదని నేననుటలేదు. కాని నీరు పొదుపుగా త్రాగుట మా ఆడవారికి పుట్టుకతో వచ్చిన అలవాటు. బిందె నీటికి మైలు నడచినవారు చెంబు నీరు త్రాగుటకు వెనుదీయుదురు. ఈ మందు పుచ్చుకొను దినములలో ఆ పొదుపు పనికిరాదు. వాంతులవలన నీరు దిగకున్నచో ఆ సంగతి వెంటనే వైద్యునికి చెప్పవలెను.

పూర్వము క్షయకు సూదులు వేయించుకొని చెవుడు తెచ్చుకొన్న వృద్ధులు మా ఊళ్లలో ఉండిరి. అది 1940లలో వచ్చిన స్ట్రెప్టోమైసిను పని. దాని జాతివే జెంటమైసిను, అమికాసిను. కీమో నడుమ జ్వరము వచ్చినపుడు ఊరిలో ఎవరినో పిలిచి సూది వేయించుకొనుట మనకు వాడుక. ఆ సూది ఈ జాతిదైనచో, ప్లాటినముతో కలసి చెవికి రెండు దెబ్బలు తగిలినట్లు. మూత్రము జారీ అగుటకిచ్చు ఫ్యూరోసెమైడు, అనగా లాసిక్సు, కూడ ఆ కోవలోనిదే. ఒక్కొక్కసారి ప్రాణము నిలుపుటకు ఇవియు తప్పవు. నేను చెప్పునది, జ్వరమునకు మందిచ్చు వైద్యునికి "ఈమె ప్లాటినపు మందు పుచ్చుకొనుచున్నది" అని తప్పక తెలుపవలెనని. మా అత్త చీటీల సంచిపై ఈ మాట పెద్దక్షరములతో నేను వ్రాసి అతికించితిని.

మూడవది, చప్పుడు. మందు ఎక్కిన చెవికి పెద్దచప్పుడు మరింత కీడు చేయును. తిరునాళ్లలో మైకుల ప్రక్కను, పెండ్లి ఊరేగింపులో ఆ గుండెలదరు డప్పుపెట్టెల ప్రక్కను, పిండిమర యొద్దను, బోరుబండి దగ్గరను నిలువరాదు. మార్కాపురపు పలకల కార్ఖానాలలో పనిచేయు స్త్రీలు వైద్యము నడచునన్నాళ్లును, పిదప కొంతకాలమును యంత్రములకు దూరముగా నుండు పని అడుగుట మంచిది. కిరణచికిత్స దవడకో మెడకో తలకో జరుగునపుడు చెవి గుల్ల ఆ కిరణముల దారిలో ఎంతవరకు పడునో అడుగుటలో తప్పులేదు. దానిని తప్పించుటకు వీలున్నచోట వారు తప్పించెదరు.

ఇక పిల్లల సంగతి. కాలేయములో గడ్డ, ఎముక క్యాన్సరు, మెదడులో గడ్డ మొదలగువానికి పసివారికి కూడ సిస్ప్లాటినే ఇచ్చెదరు. అయిదేండ్లలోపు వారికి చెవి హాని మరింత ఎక్కువ. పెద్దవారు చెవిలో కీచురాయి అని చెప్పగలరు. ఏడాది బిడ్డ ఏమి చెప్పును? మాటలు నేర్చు వయస్సున హల్లులు వినబడనిచో మాట సరిగా రాదు. బడిలో పంతులమ్మ చెప్పునది సగమే చేరును. బిడ్డ మందబుద్ధియని లోకము తీర్మానించును. మృత్యువును జయించి వచ్చిన బిడ్డకు ఈ అపవాదు రావలెనా! పసిబిడ్డకు మీట నొక్కుట రాదు గనుక, చెవిలో చిన్నగొట్టము పెట్టియు, నిద్రపుచ్చి తలకు తీగలంటించియు చేయు పరీక్షలు వేరుగా కలవు.

పిల్లల విషయములో ఒక శుభవార్త యున్నది. పూర్వము నల్లుపు తెలుపు ఫొటోలు తీయునాళ్లలో, చీకటిగదులలో బొమ్మను నిలుపుటకు హైపో అను తెల్లని ఉప్పును నీటిలో కలిపి వాడెడివారు. దాని అసలు పేరు సోడియం థయోసల్ఫేటు. అది వెండి లవణములను కరగించునని జాన్ హెర్షెల్ 1819లో కనుగొనెను. సయనైడు విషమునకు విరుగుడుగా వైద్యులు దీనిని ఏనాటినుండియో ఎరుగుదురు. ఇదియే ప్లాటినమును కూడ పట్టి నిర్వీర్యము చేయునని తెలిసి, అమెరికాలో ఎడ్వర్డ్ న్యూవెల్ట్ మొదలగువారు ఏండ్లకొలది శ్రమించిరి. లండనులో పిల్లల వైద్యురాలగు పెనెలోపి బ్రాక్ నడిపిన పరిశోధన ఫలితములు 2018లో వెలువడినవి. కాలేయపు గడ్డ గల పిల్లలలో సిస్ప్లాటిను మాత్రమే పొందిన 46 మందిలో 29 మందికి వినికిడి తగ్గెను. సిస్ప్లాటిను పిదప థయోసల్ఫేటు కూడ పొందిన 55 మందిలో 18 మందికే తగ్గెను. నూటికి 63 యెక్కడ, 33 యెక్కడ! ఆ పిల్లలలో బ్రతికినవారి సంఖ్య విరుగుడువలన తగ్గలేదు. 2022 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వము దీనిని పిల్లలకు అనుమతించెను. తరువాతి సంవత్సరము యూరపులోను అనుమతి వచ్చినది.

ఇందులో కిటుకంతయు వేళలో నున్నది. సిస్ప్లాటిను ఎక్కుట ముగిసిన ఆరుగంటలకు దీనినెక్కింతురు. ముందుగా ఇచ్చినచో పుండుపై పనిచేయవలసిన మందునే ఇది పట్టి కూర్చుండును. వ్యాధి ఇతర అవయవములకు ప్రాకిన పిల్లలలో దీనివలన చికిత్సబలము తగ్గునేమో అను సందేహము 2017 నాటి మరియొక పరిశోధనలో కలిగినందున, ప్రాకని గడ్డలకే అనుమతించిరి. పెద్దవారికి ఇంకను ఇట్టి అనుమతి లేదు. కావున హైపో పేరు విని ఎవరును తమంతతాము ప్రయత్నము చేయరాదు. బిడ్డకు సిస్ప్లాటిను ఇవ్వబోవు వైద్యుని "మా బిడ్డకు థయోసల్ఫేటు తగునా?" అని అడుగుటకు మాత్రము తల్లికి సంపూర్ణమైన అధికారము కలదు. పెద్దవారి చెవులకు విరుగుడుకై అనేక పరిశోధనలు జరుగుచున్నవి. కొవ్వు తగ్గుటకు వాడు స్టాటిను మాత్రలవలన మేలున్నదేమోనని కొందరు చూచుచున్నారు. ఏదియు ఇంకను నిర్ధారణ కాలేదు. చెవికి మేలని అమ్ముచున్న నూనెలు, లేహ్యములు, మాత్రలు కొని డబ్బు పోగొట్టుకొనవద్దని నా మనవి. వానిలో కొన్ని కీమోతో కలసి కీడు చేయవచ్చును.

మా అత్త మాటకు వత్తును. ఆమెను చెవిటిదందమా? చెవిటివాని ముందు శంఖమూదినట్లను సామెత ఆమెకు సరిపడదు. శంఖము ఆమెకు చక్కగా వినబడును. వినబడనిది మువ్వ. మనుమరాలి కాలిగజ్జెలు, తిరగవాతలో ఆవాలు చిటపటలాడుట, ఫోను సన్నగా మ్రోగుట ఆమెకు పోయినవి. తిరగవాత మాడినది వాసన వచ్చిన పిమ్మటనే తెలియును. మాటలలో అచ్చులు వినబడును, ఊదినట్లు పలుకు హల్లులు వినబడవు. పాలు, కాలు, తాలు మూడును ఆమెకొక్కటే. ఒకనాడు మా కోడలు "పప్పు ఎయ్యాల్నా అత్తా?" అన్నది. "నేనేం తప్పు చేసినానే?" అని మా అత్త కంచము ముందునుండి లేచినది. అందరమును నవ్వితిమి. ఆమె నవ్వలేదు. ఆ రాత్రి ఆమె ఆలస్యముగా, ఒంటరిగా తినినది. అప్పటినుండి ఇంటిలో ఆమె వినికిడిపై నవ్వరాదని నియమము పెట్టుకొంటిమి.

అరచి చెప్పుటవలన లాభము లేదు. అరచినచో అచ్చులే పెద్దవగును, హల్లులు అట్లే యుండును. పైగా వినువారికి కోపముగా తోచును. ముందు పిలిచి, ఆమె మన ముఖము చూచిన పిమ్మట, వెలుతురున్నచోట నిలిచి, నిదానముగా పలికినచో ఆమెకు చాలవరకు అర్థమగును. వంటింటినుండి పడసాలకు కేకవేయు అలవాటు మేము మానుకొంటిమి. ఇది మొదట కష్టము. తరువాత ఇల్లు కొంచెము మెత్తబడినట్లు తోచినది. ఆసుపత్రిలో మూతిగుడ్డలు కట్టుకొన్నవారి మాట ఆమెకు తెలియదు. అక్కడ ముఖ్యమైన సంగతులు కాగితముపై పెద్దగా వ్రాయించుకొందుము.

చెవియంత్రము పెట్టించుటకు సంవత్సరము పట్టినది. "ముసలిదాన్ని, నాకెందుకు" అన్నది. కేంద్రప్రభుత్వపు పథకమువలన పేదలకు ఉచితముగానో తక్కువ ధరకో ఇవి దొరకును. దానికి వైద్యుని పత్రము, ఆదాయ పత్రము కావలెను. ఏ యంత్రమైనను ఆమె గీతనుబట్టి కీచుధ్వనులను మాత్రము హెచ్చించునట్లు సరిచేయింపవలెను. ఒకరికి కుదిరినది మరియొకరు పెట్టుకొనరాదు. మొదటి నెల పంకా చప్పుడు, గిన్నెల చప్పుడు భరింపలేక ఆమె రెండుమారులు తీసి అలమరలో పెట్టినది. దినమునకు గంటచొప్పున పెంచుమని పరీక్ష చేసినవారు చెప్పిరి. ఇపుడు మనుమరాలు బడినుండి వచ్చు వేళకు తానే తగిలించుకొనును. కీచురాళ్లు పూర్తిగా పోలేదు. యంత్రమున్నపుడు వెనుకకు తగ్గుననియు, రాత్రులు పంకా తిరుగుచున్నచో నిద్రపట్టుననియు చెప్పును.

పొగాకు మానినది గాని ఆకువక్కల సంచి మాత్రము విడువలేదు. ఇపుడందులో యంత్రమునకు కావలసిన చిన్న బిళ్లలుండును. ఒక్కొక్కటి వారముపైన కొన్ని దినములు వచ్చును. అవి మెరయుచు పిప్పరమెంటు బిళ్లలవలె నుండును గనుక, సంచిని పిల్లలకందని ఎత్తులో చిలుకకొయ్యకు తగిలింపవలెను. పసివారు మ్రింగినచో గొంతు లోపల కాలును, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.